రెండు ఇంజన్ల ఇల్లు

ఆ ఆదివారం ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా కాఫీ తాగాలి, పదికల్లా గడ్డం గీసుకోవాలి, పన్నెండు లోపల ఇంజను సంగతి తేల్చాలి. మొదటి రెండూ అనుకున్న టైముకన్నా ముందే అయిపోవడంతో మూడోది కూడా అంత సులువుగానే అయిపోతుందని ఆయన నమ్మాడు. ఆయన నమ్మకాలు చాలావరకు ఇలాగే పుడతాయి.

ఇంజను ఆయనది కాదు, భార్యది. ఎర్ర రంగు, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తున పాకుతున్నట్టుండే ఆ స్పోర్ట్సు కారు వయసు ఇరవై నాలుగేళ్ళు. ఆవిడ ఇంటి ముందరే డ్రైవింగు స్కూలు నడుపుతుంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళంతా మేడం అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. వారానికి ఆరు రోజులు మేడం పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని, "మెల్లగా, మెల్లగా, ముందు అద్దం చూడండి" అంటూ గంటకు ఇరవై దాటకుండా సందులన్నీ తిరుగుతుంది. ఏడాదికి ఒక్కరోజు మాత్రం, కార్ల క్లబ్బువాళ్ళు కొండ రోడ్డు మూయించి పెట్టే పోటీలో, ఎర్ర కారెక్కి పద్నాలుగు మలుపులూ తన కోసం తాను నడుపుకుంటుంది. ఆ రెండున్నర నిమిషాల కోసమే మిగతా ఏడాదంతా ఆవిడ ఓపిక పడుతుందని ఇంట్లో అందరికీ తెలుసు. ఈసారి పోటీకి ఇంకా మూడు వారాలే ఉంది.

కారు మాత్రం కొన్నాళ్ళుగా నీలం పొగ వదులుతోంది. పోసిన ఆయిలు పోసినట్టే తాగేస్తోంది. ఇన్‌స్పెక్టరు తూనికలు, కొలతల శాఖ మనిషి. బజారులో తక్కెడ ముల్లు వెంట్రుకవాసి వంగినా ఆయనకు అన్నం సయించదు. అందుచేత మెకానిక్కుల నోటిమాట మీద ఆధారపడకుండా, సీలు వేసిన గేజీ తానే సంపాదించి, శనివారం సాయంత్రం నాలుగు సిలిండర్లలోనూ గాలి ఒత్తిడి కొలిచాడు. మేడాన్ని సీట్లో కూర్చోబెట్టి కీ తిప్పమన్నాడు. ఇంజను ఆరోగ్యంగా ఉంటే ముల్లు నూట ఎనభై చూపాలి. ఒకటో సిలిండరు నూట పది చూపింది. రెండోది నూట ఎనిమిది, మూడోది నూట పదకొండు, నాలుగోది మళ్ళీ నూట పది.

"నాలుగూ ఎంత సమానంగా అరిగాయో చూశావా? మంచి కంపెనీ సరుకు చచ్చినా పద్ధతిగా చస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, అంకెలు కాగితం మీద దించుకుంటూ.

మేడం కారు దిగలేదు. స్టీరింగు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చుంది.

అరిగిపోయిన ఇంజనుకు దారులు రెండు. ఒకటి గురువుగారి దారి. గురువుగారంటే స్పోర్ట్సు కార్ల మెకానిక్కు. ఆయనకు పేరొకటి ఉండే ఉంటుంది గాని, ఎవరూ పిలిచి ఎరగరు. ఆయన ఇంజను మొత్తం విప్పి, సిలిండర్లు చెక్కించి, కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు వేసి, పాతదాన్నే కొత్తదిగా చేసి ఇస్తాడు. ఎప్పటికిస్తాడన్నది ఆయనకు కూడా తెలియదు. రెండోది పాత ఇంజన్ల షాపు దారి. అక్కడ సరిగ్గా ఇదే మోడలు కారు ఒకటి వెనకభాగం నుజ్జయి వచ్చింది, దాని ఇంజను చెక్కుచెదరలేదు. తెచ్చుకుని వారంలో బిగించుకోవచ్చు. కాకపోతే అది ఎవరి ఇంజనో, ఎంత బాధపెట్టి వాడారో ఎవరూ చెప్పలేరు. గురువుగారి షెడ్డులో సోమవారం ఒక్కటే ఖాళీ ఉంది, అది తప్పితే వచ్చే నెల. షాపులో ఆ ఇంజను కోసం ఇంకో పార్టీ ఆదివారం ఒంటిగంటకు వస్తోంది. అందుకే పన్నెండు గడువు.

"ఏం చేద్దామంటావు? విప్పించి బాగుచేయిద్దామా, మార్చేద్దామా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు.

"మీ ఇష్టం," అంది మేడం, కాఫీ గ్లాసులు తీస్తూ.

ఇన్‌స్పెక్టరు జాగ్రత్తపడ్డాడు. ఆ ఇంట్లో "మీ ఇష్టం" అంటే సరైన జవాబు ఒకటి ఎక్కడో దాక్కుని ఉందని అర్థం. కర్టెన్ల విషయంలో ఆ మాట నమ్మి ఆయన ఆకుపచ్చవి తెచ్చాడు. నాలుగో రోజుకల్లా అవి కారు తుడిచే గుడ్డలయ్యాయి. అందుచేత ఆయన పెరట్లోకి వెళ్ళి, గొంతు తగ్గించి, బామ్మర్దికి ఫోను చేశాడు.

మేడం తమ్ముడు లిఫ్టుల కంపెనీలో పనిచేస్తాడు. మనుషుల్ని పైకీ కిందికీ చేరవేసే వృత్తి కావడంవల్లో ఏమో, ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేయడం అతనికి మహా సరదా.

"ఒరేయ్, మీ అక్క మనసులో ఏముందో కాస్త కనుక్కోరా. నేనడిగానని మాత్రం చెప్పకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అది సరే బావా, నీ మనసులో ఏముంది?"

"నన్నడిగితే మార్చేయడమే సుఖం. పోటీ మూడు వారాల్లో పెట్టుకుని ఇంజను ముక్కలు ముక్కలు చేసి కూర్చుంటే ఎలా? కానీ కారు దానిది. దానికేది ఇష్టమైతే అదే చేద్దాం."

బామ్మర్ది పది నిమిషాల్లో అక్కకు ఫోను చేశాడు. ఆవిడ చాలాసేపు "నాకేముంది, ఆయన ఎలా అంటే అలా" అని తప్పించుకుంది. వదలకుండా గుచ్చి గుచ్చి అడిగితే, "నిజం చెప్పాలంటే ఎవరిదో ఇంజను నా కారులో పెట్టుకోవడం నాకు మనసొప్పట్లేదు. విప్పించుకోవడమే ఇష్టం. కానీ ఆ మాట నేను అనలేను. ఆయనకేది ఇష్టమో చెప్పు, అదే చేద్దాం," అంది. ఎందుకు అనలేవని అతను అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే.

అతను చెప్పవలసింది చెప్పాడు. అక్కకు ఫోనులో, "బావకి మార్చడమే ఇష్టం అక్కా, నీ పోటీ కోసమే" అన్నాడు. బావకు ఫోనులో, "అక్కకి విప్పించడమే ఇష్టం బావా, సెంటిమెంటు" అన్నాడు. రెండూ అక్షరాలా నిజాలే. ఇంత నిజాయితీగా, ఇంత చక్కగా ఒక సంసారానికి సాయం చేసినందుకు తనను తానే మెచ్చుకుని అతను స్నానానికి వెళ్ళిపోయాడు.

పన్నెండుకు పది నిమిషాల ముందు పెరట్లోంచి ఇన్‌స్పెక్టరు గురువుగారికి ఫోను చేసి, "రేపు పొద్దున్నే కారు పంపిస్తాను, విప్పేయండి," అన్నాడు. అదే సమయంలో ముందు గదిలోంచి మేడం షాపుకు ఫోను చేసి, "ఆ ఇంజను మాకే. రేపు పంపించండి," అంది. ఇద్దరూ భోజనాల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, ఎదుటివాళ్ళ కోసం తమ ఇష్టం వదులుకున్న మనుషుల మొహాల్లో ఉండే ఆ వెలుగుతో ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంజను సంగతి తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"తెలుసు. నేనే చెప్దామనుకుంటున్నా," అంది మేడం.

"అప్పుడే నీకు తెలిసిపోయిందా? మీ తమ్ముడి నోట్లో నువ్వు గింజ నానదు. పోనీలే, నీకు సంతోషమేనా?"

"మీకు సంతోషమేనా?"

"నీకు సంతోషమైతే నాకు సంతోషమే."

"నాకూ అంతే," అంది మేడం. అక్కడితో ఆ విషయం గురించి పూర్తిగా మాట్లాడుకున్నట్టే ఇద్దరూ భావించారు.

సోమవారం ఎనిమిదింటికి మేడం ఒక రిటైరైన బ్యాంకు మేనేజరుకు రివర్సు నేర్పడానికి బయటికి వెళ్ళింది. ఎనిమిదింబావుకు గురువుగారు పంపిన బండి వచ్చి ఎర్ర కారును పైకెక్కించుకుని వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు దగ్గరుండి పంపించి, తూనిక రాళ్ళ సంచీ భుజాన వేసుకుని బజారు తనిఖీకి పోయాడు. తనిఖీలో ఆయన ఫోను కట్టేస్తాడు. వర్తకులు ఎవరిచేతో సిఫార్సు చేయిస్తారని ఆయన భయం.

మేడం తిరిగొచ్చేసరికి కారు లేదు. షాపువాళ్ళు ఇంజను బిగించడానికి తీసుకుపోయారు కాబోలనుకుంది. పదకొండింటికి చిన్న లారీ ఒకటి వచ్చి, గొలుసులకు వేలాడుతున్న ఇంజనును వాకిట్లో సరిగ్గా నడిమధ్యన దింపింది.

"దీన్ని ఇక్కడికి తెచ్చారేంటి బాబూ? కారు మీ దగ్గరే ఉంది కదా," అంది మేడం.

"మా దగ్గర కారేంటి మేడం? మాకు ఇంజను దింపిరమ్మని చెప్పారంతే," అన్నాడు లారీ డ్రైవరు.

మేడం షాపుకు ఫోను చేసింది. కారు తాము ముట్టుకోలేదని షాపాయన ఒట్టేసి చెప్పాడు. భర్తకు ఫోను చేసింది, కట్టేసి ఉంది. తమ్ముడికి ఫోను చేసింది. అతను కంపెనీ పని అక్కడే వదిలేసి వచ్చి, వాకిట్లో ఉన్న ఇంజనును, లేని కారును మార్చి మార్చి చూశాడు.

"అక్కా, ఇది మామూలు దొంగతనం కాదు. ఇంజను వదిలేసి కారు పట్టుకుపోయారు," అన్నాడు.

"ఇది మన ఇంజను కాదురా. షాపునుంచి వచ్చింది."

"మరి మన ఇంజనేది?"

"కారులో ఉంది."

"కారేది?"

"అదే కదా అడుగుతున్నాను."

బామ్మర్దికి ఏమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు చురుగ్గా ఉండడం అతని పద్ధతి. ఫోనులో ఎర్ర కారు పాత ఫోటో వెతికి, కింద "దొంగలు ఎత్తుకుపోయిన కారు. కనిపిస్తే ఆపండి" అని రాసి కార్ల క్లబ్బు గ్రూపులో పెట్టాడు. తర్వాత పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. అక్కడ ఫిర్యాదు సగం రాయగానే గ్రూపులో కబురొచ్చింది. కారు గురువుగారి షెడ్డులో ఉంది, చుట్టూ మనుషులున్నారు, అప్పుడే ఇంజను విప్పేస్తున్నారు.

రెండున్నరకు ఒక కానిస్టేబులు, అతని వెనక బామ్మర్ది షెడ్డులోకి అడుగుపెట్టారు. నలభై ఏళ్ళుగా ఆ షెడ్డుకు జబ్బు కార్లు తప్ప పోలీసులు వచ్చి ఎరగరు. గురువుగారు ఇంజను తలకాయ, అంటే సిలిండర్ల పైమూత, విప్పి, గుడ్డ పరిచి దానిమీద పెట్టి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఈ కారు మీకు ఎవరిచ్చారు?" అన్నాడు కానిస్టేబులు.

"కారుగలాయన."

"కారు మా అక్కది," అన్నాడు బామ్మర్ది.

"మీ బావగారే పంపించాడు."

"ఆయనెందుకు పంపిస్తాడు? ఆయనకి ఇంజను మార్చడం ఇష్టం."

"మరి విప్పమన్నాడే."

"విప్పడం మా అక్కకి ఇష్టం."

కానిస్టేబులు పెన్ను మూసేశాడు. "అందరికీ ఇష్టమే అయితే ఇందులో దొంగ ఎవరండీ? నేను ఎవరిమీద రాసుకోవాలి?" అన్నాడు విసుగ్గా. బామ్మర్ది ఆలోచనలో పడ్డాడు. ఆలోచించిన కొద్దీ తెలిసిన మొహాలన్నీ వరసగా కళ్ళముందుకు వచ్చి, చివర్లో తన మొహం కూడా వచ్చింది.

అప్పటికి ఫోను తెరిచిన ఇన్‌స్పెక్టరు, అందులో ముప్ఫై నాలుగు పిలుపులు, షెడ్డుకు రమ్మని బామ్మర్ది పెట్టిన కబురు చూసి, ఎవరికో ఏదో అయిందని హడలిపోయి, సంచీలో రాళ్ళు గలగలలాడుతుండగా షెడ్డుకు పరిగెత్తుకొచ్చాడు. జరిగింది ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. భార్య కోసం తాను ఒకటి చేస్తే, తన కోసం ఆవిడ ఇంకొకటి చేసిందని తెలిసి ఆయనకు ఒక పక్క సంతోషం, ఒక పక్క కంగారు. కానిస్టేబులు సగం రాసిన కాగితం బామ్మర్ది చేతిలో పెట్టి, "ముందు ఇంట్లో మాట్లాడుకోండి," అని సలహా చెప్పి వెళ్ళిపోయాడు. బామ్మర్ది గురువుగారికి రెండుసార్లు క్షమాపణ చెప్పాడు. మొదటిది ఆయనకు వినపడలేదట.

"సరేనండీ, విప్పింది ఎలాగూ విప్పారు, బాగుచేసేయండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏం బాగుచెయ్యమంటారు?" అన్నాడు గురువుగారు. ఆయన లైటు దగ్గరగా పట్టుకుని సిలిండరు లోపలి గోడ చూపించాడు. "కంపెనీలో గీసిన అడ్డగీతలు ఇంకా చెరగలేదు. వేలితో తడిమి చూడండి. ఇది ఇంకో పదేళ్ళు పరిగెత్తే ఇంజను. అరిగిపోయిందని ఎవరు చెప్పారు మీకు?"

"గేజీ చెప్పింది."

"గేజీ మంచిదేనా?"

ఇన్‌స్పెక్టరు అభిమానం దెబ్బతింది. "సీలు వేసిన గేజీ. నూటికి అర పాలు కూడా తేడా రాదు. నాలుగు సిలిండర్లూ నూట పది దగ్గర ఆగిపోయాయి."

"నాలుగూ ఒకేలాగా?" అన్నాడు గురువుగారు. ఆయన కాసేపు ఇన్‌స్పెక్టరు మొహంలోకి చూసి, గొంతు బాగా మృదువుగా చేసుకుని అడిగాడు. "కొలిచేటప్పుడు యాక్సిలరేటరు చివరిదాకా తొక్కి పట్టారా సార్?"

ఇన్‌స్పెక్టరు తూనిక రాళ్ళ సంచీ భుజం మీంచి దించి కింద పెట్టాడు.

"తొక్కితేనే కదా సార్ లోపలికి గాలి పోయే దారి తెరుచుకునేది. ముక్కు మూసి ఊపిరి పీల్చమంటే ఎవరు మాత్రం పీలుస్తారు? ఇక పొగంటారా, వాల్వుల దగ్గర రబ్బరు సీళ్ళు ఎండిపోయాయి. ఇదిగో," అంటూ గురువుగారు చిటికెనవేలి గోరంత రబ్బరు ముక్కను ఆయన అరచేతిలో పెట్టాడు. "ఇలాంటివి పదహారు. మార్చేస్తే పొగ ఉండదు. విప్పడమూ వద్దు, మార్చడమూ వద్దు."

ఆ రబ్బరు ముక్కను అరచేతిలో తిప్పుతుంటే ఇన్‌స్పెక్టరుకు ఒక సంగతి గుర్తొచ్చింది. శనివారం సాయంత్రం సీట్లో కూర్చున్న మేడం, "యాక్సిలరేటరు తొక్కి పట్టుకోనా?" అని అడిగింది. ఆయన బానెట్టు వెనకనుంచి తల కూడా ఎత్తకుండా, "కీ తప్ప ఏదీ ముట్టుకోవద్దు. కొలతలో తేడా వస్తుంది," అన్నాడు. రోజుకు పదిమందికి కారు నడపడం నేర్పే మనిషితో అన్నాడు.

"ఒరేయ్, ఈ సంగతి మీ అక్కకి చెప్పకు. నేనే చెప్తాను," అన్నాడు బామ్మర్దితో. ఎప్పుడు చెబుతాడో మాత్రం చెప్పలేదు. నిజానికి చెప్పే ఉద్దేశం ఆయనకు లేదు. బజారులో సగం మంది వర్తకుల చేత తప్పుడు కొలతలకు జరిమానా కట్టించిన మనిషి తాను. సీళ్ళు మార్పించి, కారు ఇంటికి తెచ్చి, "బాగుచేయించాను" అంటే సరిపోతుంది. అందులో ఒక్క అక్షరమూ అబద్ధం లేదని దారి పొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి నాలుగున్నర దాటింది. మేడం వాకిట్లో ఆ కొత్తగా వచ్చిన పాత ఇంజను మీదే కూర్చుని ఉంది. చేతిలో ఫోను ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"కారు దొరికిందని తమ్ముడు చెప్పాడు. మీరే పంపించారట. నాకిష్టమని విప్పించమన్నారట," అంది.

"అవును. నువ్వూ నా కోసమే దీన్ని తెప్పించావట కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయనకు అంతలోనే హాయిగా అనిపించింది. ఇక్కడితో నవ్వేసుకుని లోపలికి వెళ్ళిపోవచ్చనుకున్నాడు.

"మీరు నా కోసం ఇవేమీ చెయ్యొద్దు. నేను ఈసారి పోటీకి వెళ్ళట్లేదు. ఐదింటికి జాబితా మూసేస్తారు. నా పేరు తీసేయమని క్లబ్బుకి ఇప్పుడే చెప్పేస్తాను."

"అదేంటి?"

మేడం తల దించుకుంది. "మీకొకటి చెప్పలేదు. పోయినేడు పదో మలుపు దగ్గర గేరు మార్చబోయి తప్పు గేరు వేశాను. ఇంజను వేగం చూపే ముల్లు ఎర్ర గీత దాటి ఎక్కడికో పోయింది. ఇంజను పెద్దగా అరిచింది. ఆ అరుపు నేనొక్కదాన్నే విన్నాను. ఆ తర్వాతే పొగ మొదలైంది. శనివారం మీరు ఆ అంకెలు చదువుతుంటే ఒక్కో అంకే వచ్చి నన్ను పొడిచింది. ఇంజను చంపుకున్నది నేనే. ఇక విప్పించండి, మార్చండి అని అడిగే మొహం నాకెక్కడిది? పదిమందికి గేర్లు నేర్పి పొట్టపోసుకుంటున్నాను. మళ్ళీ ఆ కొండ ఎక్కడానికి నాకు సిగ్గుగా ఉంది."

టైము నాలుగూ నలభై. ఆవిడ మొహంలో అంత దిగులు ఆయన ఎన్నడూ చూడలేదు. నూట పది, నూట ఎనిమిది అని తాను గర్వంగా దించుకున్న అంకెలు రెండు రోజులుగా ఆవిడ గుండె మీద కూర్చున్నాయి. ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మొదటిసారి దగ్గు వచ్చింది. రెండోసారి అప్పుడే వచ్చిన బ్యాంకు మేనేజరు, "మేడం, సాయంత్రం కూడా రివర్సు క్లాసు ఉందాండీ?" అని అడిగాడు. ఐదు దాటాక రమ్మని ఆయన్ని పంపేసరికి టైము నాలుగూ నలభై ఎనిమిది. మేడం ఫోనులో నంబరు వెతుకుతోంది.

"ఇంజనుకి ఏమీ కాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు గబుక్కున.

"నన్ను ఓదార్చడానికి అబద్ధాలు చెప్పకండి. మీరే కదా కొలిచారు."

"నేనే కొలిచాను. కొలవడం చేతకాక తప్పు కొలిచాను. యాక్సిలరేటరు తొక్కి పట్టాలట."

మేడం ఫోను దింపింది. "తొక్కి పట్టుకోనా అని నేనడిగాను."

"అడిగావు."

"మీరేమన్నారు?"

"ఏదీ ముట్టుకోవద్దన్నాను," అన్నాడాయన చిన్న గొంతుతో. తర్వాత జేబులోంచి రబ్బరు ముక్క తీసి చూపించి, అడ్డగీతల సంగతి, సీళ్ళ సంగతి, ఇంకో పదేళ్ళ సంగతి అంతా ఏకరువు పెట్టాడు. ఆవిడ ఏమంటుందోనని తల ఎత్తి చూసే ధైర్యం లేక వాకిలి గచ్చు వైపు చూస్తూ చెప్పాడు.

ఆవిడ రబ్బరు ముక్క అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత మేడం నవ్వడం మొదలుపెట్టింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, ఇంజను మీదనుంచి జారిపోయేంతగా నవ్వింది. ఏడాది బరువు దిగిపోయిన నవ్వు అది. ఇన్‌స్పెక్టరు కూడా భయం భయంగా కలిశాడు.

"అయితే పోయినేడు ముల్లు ఎర్ర గీత దాటి అంత దూరం పోయినా దానికేమీ కాలేదన్నమాట," అంది మేడం, నవ్వు ఆపుకుని.

"ఏమీ కాలేదు. ఉక్కుముక్కలా ఉందన్నాడు గురువుగారు."

"ఏమీ," అని ఇంకోసారి అనుకుంది మేడం. ఇన్‌స్పెక్టరు అప్పుడు ఆవిడ కళ్ళలోకి చూసి ఉంటే బాగుండేది. ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

పేరు జాబితాలో ఉండిపోయింది. గురువుగారు పదహారు సీళ్ళూ మార్చి వారంలో కారు ఇచ్చేశాడు. పొగ మాయమైంది. షాపాయన మాత్రం అమ్మిన ఇంజను వెనక్కి తీసుకోనన్నాడు. దాంతో అది వాకిట్లోనే ఉండిపోయింది. డ్రైవింగు స్కూలు కార్లన్నీ దాన్ని తగలకుండా వెనక్కి రావలసి రావడంతో, ఆ నెలలో నేర్చుకున్నవాళ్ళందరికీ రివర్సు అద్భుతంగా వచ్చింది. బ్యాంకు మేనేజరయితే లైసెన్సు పరీక్షలో అధికారి చేత శభాష్ అనిపించుకున్నాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకుని వేరే మాట ఎత్తేవారు.

పోటీ రోజున కొండ మొదట్లో చిన్న గొడవ జరిగింది. క్లబ్బు సభ్యుడు ఒకడు ఎర్ర కారుకు అడ్డం నిలబడి, దొంగకారు దొరికిందని కేకలు పెట్టాడు. గ్రూపులో పెట్టిన కబురు బామ్మర్ది తీసేయడం మరిచాడు. అతన్ని సముదాయించి పక్కకు తీసుకుపోయాక జెండా ఊపారు.

ఇన్‌స్పెక్టరు, బామ్మర్ది, గురువుగారు పైన ముగింపు గీత దగ్గర నిలబడ్డారు. కారు కనపడకముందే దాని గొంతు కొండ చుట్టూ తిరుగుతూ పైకి వచ్చింది. ఏటా వినే గొంతు కాదది. గేరు మార్చవలసిన చోట మారకుండా, ఎక్కి, ఇంకా ఎక్కి, పళ్ళు జివ్వుమనేలా అరుస్తూ వస్తోంది.

"మేడం గేరు మార్చడం లేదేంటి సార్?" అన్నాడు గురువుగారు.

"ఏమీ కాదని చెప్పాం కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని దాని అర్థం ఆయనకు తట్టలేదు.

పద్నాలుగో మలుపులోంచి ఎర్ర కారు బాణంలా దూసుకొచ్చి గీత దాటింది. దాటిన పది గజాలకు గుండె ఆగేంత చప్పుడయింది. తెల్లటి ఆవిరి, నల్లటి ఆయిలు, ఇనప ముక్కలు రోడ్డు మీద పరుచుకున్నాయి. కారు ఆ ఊపులోనే ఇంకొంచెం ముందుకు పోయి గడ్డిలో ఆగింది. ఇన్‌స్పెక్టరు పరిగెత్తాడు. ఆయన చేరేలోపే తలుపు తెరుచుకుని మేడం బయటికి దిగి, హెల్మెట్టు తీసి, మొహమంతా చెమటతో, "ఎంత?" అని అడిగింది.

పోటీకి వస్తున్న పన్నెండేళ్ళలో ఆవిడ ఎప్పుడూ అంత త్వరగా ఎక్కలేదు. తన తరగతి కార్లలో మొదటి స్థానం. ఆ అంకె వినగానే మేడం రోడ్డు మధ్యలోనే భర్త చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఎగిరింది. ఆయనకు కన్నీళ్ళొచ్చాయి. ఇంజను కోసం కాదు.

గురువుగారు బానెట్టు ఎత్తాడు. లోపలి రాడ్డు ఒకటి విరిగి, ఇంజను పక్కగోడ బద్దలుకొట్టుకుని బయటికి వచ్చేసింది. ఆ కన్నంలోంచి చూస్తే అవతలి గడ్డి కనిపిస్తోంది. బామ్మర్ది అందులో చెయ్యి పెట్టి, మణికట్టు దాకా పోనిచ్చి, తీశాడు.

"ఇక దీన్ని విప్పడానికేమీ మిగల్లేదు. అదే మోడలు ఇంజను ఇప్పటికిప్పుడు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు గురువుగారు నిట్టూర్చి.

"మా వాకిట్లో," అన్నారు భార్యాభర్తలు ఇద్దరూ ఒకేసారి.

ఆ ఇంజను మూడు వారాల ముందే తెప్పించి పెట్టిన ముందుచూపు తనదేనని బామ్మర్ది ఇప్పటికీ లిఫ్టు ఎక్కినవాళ్ళందరికీ చెబుతున్నాడు.